వరద గడప దాటకముందే: ఇంటిల్లిపాదికీ ఒక సమగ్ర మార్గదర్శి

2024లో మన రెండు రాష్ట్రాలు మూడు నెలల తేడాతో రెండు రకాల విపత్తులను చూశాయి. డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అది వస్తుందని ముందుగా ఎవరికీ తెలియలేదు, తెలుసుకునే మార్గం ఈనాటికీ లేదు. దానికి ముందు సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. ఆ నీళ్లు మాత్రం చెప్పే వచ్చాయి. ముందురోజంతా కుండపోత, ఎగువన వాగులన్నీ నిండుగా ఉన్నాయి, వాతావరణ శాఖ హెచ్చరిస్తూనే ఉంది. అయినా వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో మిద్దెలెక్కాయి. ఆ హెచ్చరికలో "మీ వీధిలోకి, మీ గుమ్మం దాకా" అన్న మాట లేకపోవడమే కారణం. ఊరికి వచ్చిన కబురును మన గుమ్మానికి అన్వయించుకునే పని మనదే. ఆ పని ఎండాకాలంలో, తీరిక ఉన్నప్పుడు చేసుకోవాలి. ఎలాగో మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: నది ఎంత దూరమని కాదు, ఇల్లు ఎంత పల్లంలో ఉందని చూడండి

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఉండే మా పిన్ని ఏళ్ల తరబడి ఒకటే మాట చెప్పేది: "కృష్ణ ఎక్కడ, మనం ఎక్కడ! ఇక్కడికి నీళ్లెందుకు వస్తాయి?" ఆమె చెప్పిన దాంట్లో తప్పు లేదు, ఆమె ఇంటిని ముంచింది కృష్ణ కాదు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత ప్రవాహం ఎన్నడూ లేదు. అయినా సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వంటి కాలనీలను ముంచింది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడం) పెట్టి, దాని నీటిని మళ్లింపు కాలువ గుండా కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. కృష్ణ కూడా నిండుగా పోటెత్తినప్పుడు ఆ నీటిని నది తీసుకోలేదు. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, వాగు తన పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో ఇప్పుడు ఇళ్లున్నాయి. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి ముందు తెలుసుకోవలసింది మీ వీధి ఏ నీటి పాత దారిలో ఉందో. అరవై దాటిన వాళ్లను ముగ్గురినైనా అడగండి. "ఇక్కడ చెరువు ఉండేదా, వాగు పారేదా, ఏ సంవత్సరంలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. కాలనీ పేరులో కుంట, చెరువు, లంక అనే మాటలుంటే అది ఉత్తి పేరు అనుకోకండి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలను 'భువన్' వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. ముంపు పొరలు కూడా అందులో చూడవచ్చు.

తర్వాత కొలత. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక నీళ్ల గొట్టం ఒకటి తెచ్చుకోండి. మీ ఇంటి లోపలి నేల, ముందున్న రోడ్డు, వీధి చివరి కాలువ మీది కల్వర్టు, ఈ మూడింటి ఎత్తుల తేడాను ఆ గొట్టంతో కొలవండి. ఇద్దరు మనుషులకు గంట పని. మా పిన్ని ఇంట్లో వరద తర్వాత కొలిస్తే, ఇంటి నేల కన్నా రోడ్డు జానెడు ఎత్తుగా ఉందని తేలింది. ఇల్లు కట్టినప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లట. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే మెట్లు ఒక్కొక్కటిగా భూమిలో కలిసిపోయాయి.

ఎగువన ఏముందో కూడా చూడండి. కట్ట ఉన్న చెరువు గానీ, మట్టి ఆనకట్ట గానీ ఉంటే మీకు దొరికే సమయం గంటల నుంచి నిమిషాలకు పడిపోతుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు దిగువ ఊళ్లకు జరిగింది అదే. దానికి పైనున్న పింఛా కట్ట ముందు తెగింది, ఆ నీళ్లు కిందకు దూకాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కూడా చెరువు కట్టలు తెగి, వాన తగ్గాక సైతం కాలనీలు మునిగాయి. ఎగువన కట్ట ఉన్నవాళ్లు వాన ఆగిందని ఊపిరి పీల్చుకోకూడదు.

రెండో మెట్టు: హెచ్చరికల భాష నేర్చుకోండి

టీవీలో "అతి భారీ వర్షాలు" అంటే చాలామంది అదొక అతిశయోక్తి అనుకుంటారు. అది కొలత. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ. 100 గజాల స్థలం మీద 20 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు. అంటే మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు పదహారు మీ స్థలంలోనే ఒలికినట్టు. వీధిలో ప్రతి స్థలానికీ ఇదే లెక్క.

ఇక రంగులు. పసుపు వస్తే వార్తలు గమనిస్తూ ఉండండి. నారింజ వస్తే సంచులు సర్దుకోండి. ఎరుపు వస్తే మీరు ముందే అనుకున్న పని మొదలుపెట్టండి.

నదుల దగ్గర రంగుల బదులు అంకెలు మాట్లాడతాయి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెల బరువు తెలియాలంటే 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులని, 2022 జూలైలో 71.3 అడుగులని గుర్తుపెట్టుకోండి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. అలా లెక్కేస్తే 2024లో బ్యారేజీ దాటిన 11.43 లక్షల క్యూసెక్కులంటే, పదివేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు మూడు వేల రెండు వందలకు పైగా.

కబురు అందే దారులు కనీసం రెండు ఉంచుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్, కేంద్ర జల సంఘం 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ ఫోనులో పెట్టుకోండి. కరెంటు పోయాక ఇంటర్నెట్ కూడా పోతుంది గనుక బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉండాలి. అన్నిటికన్నా నమ్మకమైన దారి ఎగువ ఊళ్లో ఉండే మనిషి. మీ వాగు పుట్టే వైపు చుట్టమో స్నేహితుడో ఉంటే, "మీ దగ్గర వంతెన మీదికి నీళ్లొస్తే అర్ధరాత్రయినా ఫోను చెయ్యి" అని మాట తీసుకోండి.

మూడో మెట్టు: కదలాల్సిన గుర్తును ముందే రాసి పెట్టుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. నీళ్లు కనిపించాక నిర్ణయం తీసుకోవడం కుదరదు. అర్ధరాత్రి వీధిలో మోకాలి లోతు నీరున్నప్పుడు ఇంట్లో నలుగురు నాలుగు మాటలంటారు. ఒకరు బండి సంగతి ఏమిటంటారు, ఒకరు తాతయ్యను ఎలా దించాలంటారు, ఒకరు తెల్లారాక చూద్దామంటారు. ఆ వాదన జరుగుతుండగానే మోకాలి లోతు నడుము లోతవుతుంది.

అందుకని ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి ఫ్రిజ్ తలుపుకో, దేవుడి గది పక్కనో అంటించండి. మొదటి వాక్యం ఏది జరిగితే సామాను పైకెక్కించాలో చెప్పాలి. రెండోది ఏది జరిగితే పసిపిల్లలను, ముసలివాళ్లను, గర్భిణులను పంపెయ్యాలో. మూడోది ఏది జరిగితే అందరూ తాళం వేసి బయటపడాలో. గుర్తు అందరి కంటికీ ఒకేలా కనిపించేదై ఉండాలి. "నీళ్లు బాగా పెరిగితే" అని రాస్తే పనికిరాదు. "కల్వర్టు గోడ మీది ఎర్రగీతను నీరు తాకితే" అని రాయాలి. ఆ ఎర్రగీతను మీరే రంగుడబ్బాతో గీసుకోవచ్చు. గోదావరి పక్కనుండేవాళ్లు భద్రాచలం అంకెను గుర్తుగా పెట్టుకోండి.

ఎక్కడికి పోవాలో, ఏ దారిన పోవాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. దారి మధ్యలో అండర్‌పాస్, లోలెవల్ వంతెన, వాగు చప్టా ఉంటే ఆ దారి కొట్టెయ్యండి. చుట్టాల ఇల్లు అయితే వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. "అర్ధరాత్రి తలుపు కొడితే ఏమనుకుంటారో" అన్న మొహమాటం చాలామందిని ఇంట్లోనే ఆపేసింది.

నాలుగో మెట్టు: తొలకరికి ముందు ఇంట్లో చేయాల్సిన పనులు

కరెంటుతో మొదలుపెట్టండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఇన్వర్టర్ సంగతి చాలామంది మరిచిపోతారు. మెయిన్ కట్టేసినా, వీధిలో కరెంటు లేకపోయినా ఇన్వర్టర్ ఇంటి వైర్లలోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. దాన్ని విడిగా ఆపాలి, బ్యాటరీని నేల మీంచి తీసి ఎత్తయిన అరుగు మీద పెట్టించాలి. వైరింగ్ మార్పించే అవకాశం ఉంటే కింది అంతస్తు ప్లగ్గులను నడుము ఎత్తుకు పైన పెట్టించి, కింది అంతస్తుకు విడిగా ఎంసీబీ (లోపం వస్తే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చు) వేయించండి.

గ్యాస్ సిలిండర్ విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఖాళీది తేలుతుంది, నిండుది మునుగుతుంది అనుకుంటారు. 14.2 కిలోల గ్యాస్, 15 కిలోలకు కాస్త పైన ఇనుము కలిపితే దాదాపు 30 కిలోలు. ఆ సిలిండర్ పక్కకు నెట్టే నీటి బరువు 33 కిలోలకు పైనే. కాబట్టి నిండు సిలిండర్ కూడా తేలుతుంది, తేలుతూ రబ్బరు గొట్టాన్ని లాగి తెంపుతుంది. నీరు వచ్చే సూచన ఉంటే రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ క్యాప్ బిగించి, సిలిండర్‌ను గోడకున్న కొక్కేనికి గొలుసుతో కట్టండి.

వరద నీరు గుమ్మం కన్నా ముందు మరుగుదొడ్డిలోంచి ఎగదన్నుకొస్తుంది. బయట మట్టం పెరిగితే డ్రైనేజీ వెనక్కి తంతుంది. బయటి పైపుకు నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించవచ్చు. అది లేకపోతే గట్టి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి మరుగుదొడ్డి గొయ్యి మీద, స్నానాల గది తూము మీద బరువుగా పెట్టాలి. సంపు మూతకు రబ్బరు అంచు వేయించండి, లేకపోతే మురుగంతా తాగే నీళ్లలో కలుస్తుంది.

ఇక కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, పిల్లల మార్కుల మెమోలు, బీమా పత్రాలు అన్నీ బీరువా కింది అరలో పెట్టడం మన అలవాటు. పిన్ని ఇంట్లో వారం తర్వాత బీరువా తెరవబోతే తలుపు రాలేదు. లోపలి చీరలు, దుప్పట్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బి తలుపును లోపలి నుంచి బిగించేశాయి. గడ్డపారతో తెరిస్తే దస్తావేజు కాగితాలు అట్టకట్టుకుని ఒకే ముద్దగా బయటికొచ్చాయి. ఫోటోలు తీసి డిజిలాకర్‌లోనూ, ఊరవతల ఉండే ఒకరి ఫోనులోనూ ఉంచండి. అసలు కాగితాలు జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బీరువా పై అరలో ఉంచండి.

ఇంటి బీమా ఉన్నవాళ్లు మనలో చాలా తక్కువ. 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ వరద నష్టానికి కూడా వర్తిస్తుంది. వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరదలో పాడైన బండికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, ఇంజిన్ రక్షణ విడిగా తీసుకున్నారో లేదో చూసుకోండి.

ఐదో మెట్టు: చేతి సంచి

మనిషికి ఒక వీపు సంచి, అంతకు మించి వద్దు. మూడు రోజులకు తాగే నీళ్లు, వండనక్కర్లేని తిండి (అటుకులు, బెల్లం, వేరుశనగ పప్పు, బిస్కెట్లు), బీపీ, షుగర్ మందులు రెండు వారాలకు సరిపడా, టార్చి, పవర్ బ్యాంకు, ఈల, చిన్న నోట్లలో నగదు, కళ్లద్దాలు, శానిటరీ ప్యాడ్లు, పసిబిడ్డ ఉంటే పాలపొడి. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోను తడిస్తే అన్నీ పోతాయి. ఈల ఎందుకంటారా? మిద్దె మీద గంటల తరబడి అరిస్తే గొంతు పోతుంది, ఈల పోదు.

ఆరో మెట్టు: నీరు వస్తోంది

మీరు రాసుకున్న గుర్తు వచ్చిందంటే ఇక చర్చ లేదు. నేల పొడిగా ఉండగానే మెయిన్, ఇన్వర్టర్, గ్యాస్ కట్టేయండి. కాళ్ల కింద ఇప్పటికే నీళ్లుంటే స్విచ్చుబోర్డు జోలికి వెళ్లకండి. పశువుల తాళ్లు విప్పేయండి. కట్టేసిన గొడ్డు మునిగిపోతుంది, విప్పినది ఈదుకుంటూ మెరక చేరుతుంది.

పారే నీటిలో నడవాల్సి వస్తే లోతు కన్నా వేగాన్ని చూడండి. జానెడు లోతులో వేగంగా పారే నీరు చాలు పెద్దవాళ్లను పడగొట్టడానికి. అడుగు లోతు నీరు చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగులు చాలా వాహనాలను కొట్టుకుపోనిస్తుంది. వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలు. వాగు చప్టా మీద "రోజూ వెళ్లే దారే కదా" అని బండి దించినవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతున్నాం. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైన బురద నీరు చూసి ఎవరూ చెప్పలేరు. తప్పనిసరై నిలిచిన నీటిలో నడిస్తే చేతిలో పొడవాటి కర్రతో ముందు నేలను పొడుచుకుంటూ నడవండి, మూతలేని మ్యాన్‌హోళ్లు ఉంటాయి. కరెంటు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా ఉండండి.

ఏడో మెట్టు: బయటపడలేకపోతే

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. దారులు మూసుకుపోయాక పైకి పోవడమే మిగిలిన దారి. పక్కింటి మేడ మీది అంతస్తు అయితే ఇంకా నయం. మట్టిగోడల ఇంట్లో మాత్రం ఉండకండి, నానిన గోడ ఒక్కసారిగా కూలుతుంది. పైకప్పుకు దారిలేని అటక మీద కూడా ఎక్కకండి.

112కు ఫోను చేయండి. రాష్ట్ర విపత్తు కేంద్రానికి 1070, జిల్లా కేంద్రానికి 1077. ఎంతమంది ఉన్నారు, వారిలో జబ్బుపడినవాళ్లెందరు, ఏ గుర్తు దగ్గర, ఈ మూడూ ముందు చెప్పండి. తర్వాత ఫోను పొదుపు స్థితిలో పెట్టి, గంటకోసారి మాత్రం చూడండి. ముదురు రంగు చీర పరిచి మిద్దె అంచుకు కడితే పైనుంచి కనిపిస్తుంది. విజయవాడలో ఆహారం అందించడానికి డ్రోన్లు కూడా వాడారు. పడవ వస్తే ముందు పిల్లలు, ముసలివాళ్లు. అందరూ ఒకే వైపు ఎక్కితే పడవ తిరగబడుతుంది.

ఎనిమిదో మెట్టు: నీరు తీశాక

చాలామంది ఇక్కడే అజాగ్రత్త పడతారు, పైగా ఈ పని రోజుల తరబడి సాగుతుంది. ఇంట్లోకి వెళ్లేముందు బయటి నుంచి గోడలను చూడండి. కొత్త పగుళ్లు, ఒరిగిన గోడ, కుంగిన మెట్టు కనిపిస్తే లోపలికి అడుగుపెట్టకండి. కర్రతో తలుపు తట్టి, కాసేపు ఆగి తెరవండి. పాములు పొడి చోటు వెతుక్కుని అలమరాల్లో, దుప్పట్ల మడతల్లో చేరతాయి. కాటు పడితే కోయకండి, గట్టిగా కట్టు కట్టకండి. ఆ కాలును గానీ చేతిని గానీ కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108ని పిలవండి.

కడగడానికి ముందు ఫోటోలు తీయండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. బురద చూడగానే ఏ ఇల్లాలి చెయ్యయినా చీపురు మీదికే పోతుంది. కానీ గోడ మీది నీటి గీత, పడిపోయిన ఫ్రిజ్, తడిసిన బియ్యం, అన్నీ తేదీతో సహా ఫోటోల్లో ఉండాలి. 2024లో విజయవాడ ముంపు ప్రాంతాల్లో కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. నష్టం లెక్కించేవాళ్లు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా కడిగి ఉంటే ఏం పోయిందో చూపించడం కష్టం. బీమా కంపెనీకైతే ఆ రోజే ఫోను చేయాలి.

మునిగిన బండిని ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామనిపిస్తుంది. చేయకండి. సిలిండర్‌లో నీరుంటే ఇంజిన్ లోపలి కడ్డీలు వంగిపోతాయి. బ్యాటరీ తీగ విప్పి, తాడుతో లాగించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంటి కరెంటు కూడా ఎలక్ట్రీషియన్ చూశాకే వేయండి.

నీళ్లు మరిగించి తాగండి, కనీసం ఒక నిమిషం సలసలా కాగాలి. సంపు, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రుద్ది కడిగి, క్లోరిన్ వేశాకే వాడాలి. వరద నీరు తగిలిన కూరగాయలు, పిండి, విప్పిన మందులు పారేయండి. బియ్యం ఎండబెడితే పనికొస్తుందని ఆశపడకండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించండి. బురదలో పనిచేసేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. వరద తర్వాతి వారాల్లో జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే "వరద నీటిలో తిరిగాను" అని వైద్యుడికి ముందే చెప్పండి.

తడిసిన దస్తావేజులను లాగి విడదీయకండి. పొడి బట్ట మీద నీడలో ఉంచి, పై తడి ఆరాక పేజీల మధ్య తెల్ల కాగితాలు దూర్చుతూ నెమ్మదిగా విప్పాలి. వెంటనే చేసే తీరిక లేకపోతే కవర్లో పెట్టి ఎవరింట్లోనైనా ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో ఉంచండి, బూజు పట్టకుండా ఆగుతుంది. పిన్ని దస్తావేజులో పద్నాలుగు పేజీలకు పదకొండు ఇలాగే దక్కాయి.

గోడలు బాగా ఆరకముందే సున్నం వేయించకండి, లోపలి చెమ్మ పొక్కులై బయటికొస్తుంది. రంగులు వేసే రోజున పిన్ని మేస్త్రీని కిటికీ పక్కన ఆపింది. అక్కడ నీటి గీత ఇంకా గోధుమ రంగులో కనిపిస్తోంది. "ఈ జానెడు వదిలెయ్యి బాబూ" అంది. రంగు ఆరాక ఆ గీత పక్కన మార్కర్‌తో తేదీ రాసింది: 1-9-2024. కింద టేపుతో కొలిచి, నేల నుంచి ఎన్ని అడుగులో కూడా రాసింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ అరుగు ఆ గీతకు అడుగు పైన ఉంది.